వెచ్చని తూటాలు

జూన్‌లో వేట అనుమతి ట్యాగు వచ్చిన రోజు మా నాన్న దాన్ని ఉప్పు డబ్బాకి ఆనించి నిలబెట్టి, దానికేసి చూస్తూ గుడ్లు తిన్నాడు. పంతొమ్మిదేళ్ళుగా ఏటా దరఖాస్తు పెడుతూనే ఉన్నాడు. మా పొరుగు రైతు వాల్ట్ వాళ్ళ లోయ వైపు పెద్ద కొమ్ముల జింకని కొట్టడానికి రాష్ట్రం ఏటా కొద్దిమందికే అనుమతి ఇస్తుంది, అదీ లాటరీ తీసి. ఆయన కాళ్ళు ఆడిన రోజుల్లో రాలేదు. ధాన్యం గోదాములో నలభై ఏళ్ళు పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్ని సగం మింగేశాక, సామానంతా రెండు పెట్టెల్లో సర్దుకుని మా ఇంటికొచ్చేసిన ఏడాది వచ్చింది.

"దేవుడికి హాస్యం ఎక్కువ," అన్నాడు.

"ఓపిక లేకపోతే మానెయ్ నాన్నా."

"మానేస్తే నవ్వు ఆయన ఒక్కడికే మిగుల్తుంది."

అప్పుడే మా ఆయన క్లైడ్ చేతుల గ్రీజు తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. ట్రాక్టర్లు బాగుచేస్తాడు. ట్యాగు చూసి, "అభినందనలు, సర్," అన్నాడు. మా పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మా నాన్నని అతను పిలిచింది ఆ మాటతోనే. నాన్నకి అతని మీద కోపమేం లేదు, లెక్క లేదంతే. ఆయన జింకల్ని వేటాడేవాడు. రెండు వందల గజాల లోపుకి పాక్కుంటూ వెళ్ళి కొట్టేవాడు, దగ్గరికి పోలేకపోతే ఇంటికొచ్చేసేవాడు. క్లైడ్ ఆదివారాలు ఇనప పలకల్ని కొట్టేవాడు. అర మైలు దూరంలో పలక టంగుమంటే అతనికి పండగ. "మీ ఆయన కొట్టినవాటితో పులుసు ఎలా వండుతావే?" అని నాన్న నన్ను అడిగేవాడు, అతనికి వినపడేలా.

ఆ రోజు అలా అనలేదు. ఫోర్కు పక్కన పెట్టాడు.

"వాల్ట్ లోయలో బండి వెళ్ళేది ఉత్తరం గట్టు దాకానే. జింకలు తిరిగేది అవతలి వాలు మీద. మధ్యన ఐదు వందల గజాలు. ఆ లోయలోకి నేను దిగలేను, దిగితే ఎక్కలేను." కాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "గరాజులో నువ్వు తూటాలు చేసే ఆ పని నా రైఫిల్‌కి చెయ్యగలవా?"

క్లైడ్ నావైపు చూశాడు. నేను పొయ్యి వైపు చూశాను.

"చెయ్యగలను, సర్."

"దెబ్బ తిని పారిపోయిన జింక నా బతుకులో ఒక్కటి లేదు. ఆఖరిదానితో మొదలెట్టను. ఒక్కటే గుండు, నిలబడ్డచోటే పడాలి. అలా కుదరదంటే ఇప్పుడే చెప్పు. ఈ ట్యాగు ఇక్కడే ఉప్పుకి కాపలా కాస్తుంది."

"కుదురుతుంది," అన్నాడు క్లైడ్.

*

జులై అంతా మా గరాజులో రేడియో మోగలేదు. తుపాకీ మందు తూచేటప్పుడు మాటలు కూడా నిషేధం. బల్ల మీద ఒక్క మందు డబ్బా మాత్రమే ఉండాలి, రెండోది అలమరలోంచి బయటికి రాకూడదు. ఇప్పుడా బల్ల మీద నా పూలకుండీలు ఉన్నాయి. అప్పుడది గుడిలాగా ఉండేది.

తూటా అంటే నాలుగు ముక్కలు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే బిళ్ళ, లోపల మందు, మూతిలో గుండు. కొట్లో కొన్న తూటా అందరికీ కుట్టిన చొక్కా లాంటిది, ఎవరికీ సరిగ్గా పట్టదు. క్లైడ్ చేసేది ఒక్క తుపాకీకే కొలిచి కుట్టే పని. చిటికెడులో చిటికెడు మందు ఎక్కువ వేసి మూడు తూటాలు, ఇంకాస్త వేసి మరో మూడు. వాల్ట్ గడ్డి చేలోకి పోయి కాల్చడం, కాగితం మీద కన్నాలు కొలవడం, తిరిగొచ్చి గుండుని వెంట్రుకవాసి లోపలికి దింపడం, మళ్ళీ పోవడం. నాన్న స్టూలు మీద కూచుని, ఆక్సిజన్ గొట్టం చెవుల వెనక్కి తోసుకుని, వాడిన గొట్టాల మూతులు ఉక్కు పీచుతో తోమేవాడు.

"నా పెళ్ళికి కూడా ఇంత శుభ్రంగా తోముకోలేదు," అన్నాడొకసారి.

క్లైడ్ వేలు పెదవి మీద పెట్టుకున్నాడు. త్రాసు ముల్లు ఇంకా ఊగుతోంది. మా నాన్నని నోరు మూసుకోమన్న మనిషిని నేను అదే మొదటిసారి చూడడం. నాన్న బుద్ధిగా మూసుకున్నాడు.

నెలాఖరున ఒక మధ్యాహ్నం ఇద్దరూ గడ్డిచేను నుంచి వచ్చారు. వేడికి ఇద్దరి మొహాలూ ఉడికిన బీటుదుంపల్లా ఉన్నాయి. నాన్న చేతిలో కాగితం. బల్ల మీద పరిచి, నా చొక్కా గుండీ పట్టుకుని లాగబోయాడు.

"ఏంటి నాన్నా ఇది?"

"గుండీ ఇలా పెట్టు. చూడు. మూడు కన్నాలూ దీని కింద దాక్కుంటాయి. కాల్చింది నేను. ఈ ముసలి చేత్తో."

కాగితాన్ని ఫ్రిజ్‌కి అయస్కాంతంతో అంటించాడు. బడిపిల్లాడి బొమ్మని తల్లి అంటించినంత శ్రద్ధగా, వంకర లేకుండా.

క్లైడ్ నీళ్ళు తాగుతూ, "ఇంకో మందు ఉంది, సర్," అన్నాడు. "దానితో కన్నాలు కాస్త ఎడంగా పడతాయి. కానీ చలికి అది మారదంటారు. ఈ మందు చలిలో కాస్త నిదానించి, గుండు కిందకి పడుతుందని కొందరు..."

"ఎంత ఎడంగా?"

"మూడూ దాగాలంటే కాఫీ కప్పు కావాలి."

నాన్న ఫ్రిజ్‌కేసి చూశాడు. "ఈ పిల్లని చూశాక దాన్ని చేసుకోమంటావా?"

క్లైడ్ నవ్వాడు. మా నాన్న మాటకి అతను కడుపారా నవ్వడం నేను అప్పుడే చూశాను. "సరే. చలి పడ్డాక ఒకసారి పరీక్షించి చూద్దాం, సర్."

"చూద్దాం. ఇంకో సంగతి. సర్ అంటే మా సైన్యంలో లెఫ్టినెంటు గుర్తొస్తాడు. వాడు నాకు నచ్చలేదు. నా పేరు హాల్వర్."

మా ఆయన గ్లాసు కింద పెట్టడానికి చాలాసేపు పట్టింది.

*

అక్టోబరు చివర్లో మొదటి మంచు పడింది. ముగ్గురం వాల్ట్ చేలోకి వెళ్ళాం. బడి బస్సు నడిపేది నేనే కాబట్టి మంచు దారిలో స్టీరింగు నాది. ఐదు వందల గజాల దూరంలో జింక గుండెంత ఇనప పలక వేలాడదీశారు. బయట ఉమ్మితే గడ్డకట్టేలా ఉంది. నాన్న వేళ్ళు అప్పటికే నీలంగా ఉన్నాయి. క్లైడ్ తూటాల పెట్టె తీసి, తన పికప్పు ట్రక్కు అద్దం కింద, హీటరు గాలి వచ్చే చోట పెట్టాడు.

"చల్లటి ఇత్తడి ముట్టుకుంటే మీ వేళ్ళు అంటుకుపోతాయి, హాల్వర్. ఒక్కొక్కటీ నేను అందిస్తాను."

"ముసలాణ్ణి ముద్దు చేస్తున్నావురా."

ఒక్కొక్కటీ అందించాడు, పొయ్యి మీంచి తీసిన బిస్కెట్లలా. నాన్న బండి ముందరి రేకు మీద సంచి వేసి, దాని మీద రైఫిల్ ఆనించి కాల్చాడు. కాసేపటికి చేను అవతల్నించి టంగ్. మళ్ళీ టంగ్. మూడోసారీ టంగ్. దుర్భిణిలో చూస్తే పలక నడిబొడ్డున మూడు బూడిద మచ్చలు.

"చలి దీన్ని ఏం చెయ్యలేదు," అన్నాడు క్లైడ్.

"చెయ్యదు మరి. మన పిల్ల," అన్నాడు నాన్న.

తిరిగొస్తూ ఇద్దరూ నన్ను లెక్కచెయ్యకుండా గాలి గురించి, వాలు గురించి మాట్లాడుకుంటూనే ఉన్నారు. నేను దారి చూస్తూ నడిపాను. అద్దం కింద పెట్టె ఇంకా వెచ్చగా ఉంది.

*

నవంబరులో వేటరోజు సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువన తెల్లారింది. చీకట్లోనే ఉత్తరం గట్టుకి చేరాం. వాల్ట్ మా కోసం కాచుకుని ఉన్నాడు. లోయ అతనిదే కాబట్టి అతను రాకుండా ఉండడు.

"హాల్వర్, నువ్వు చచ్చిపోతే నా పొలంలో వద్దు. కంచె దాటి చావు," అన్నాడు.

"నీ పొలంలో చస్తే నా ఆత్మ కూడా అప్పులపాలవుతుంది," అన్నాడు నాన్న.

మంచులో గొర్రెచర్మం పరిచి ఆయన్ని పడుకోబెట్టాం. పక్కన చిన్న ఆక్సిజన్ సీసా. తూటాలు రైఫిల్లోకి ఎక్కించి, ముందున్న సంచి మీద ఆనించాడు. అంతే, ఇక కదలలేదు. సూర్యుడు వచ్చాడు, వేడి రాలేదు. రైఫిల్ గొట్టం మీద తెల్లటి నూగు పేరుకుంది. వాల్ట్ కూడా మాట్లాడడం మానేశాడంటే చలి ఎలా ఉందో ఊహించుకోండి. అలా చాలాసేపు గడిచాక అవతలి వాలు మీద చెట్ల సందులోంచి అది బయటికొచ్చింది.

కంచరగాడిద చెవులు, మెడ ఎద్దు మెడంత. దాని కొమ్ముల గురించి వాల్ట్ ఇప్పటికీ చేతులు చాచి చెప్తాడు, ఏటేటా చేతులు ఇంకాస్త దూరం జరుగుతాయి. అది ఆగింది. పక్కకి తిరిగి నిలబడింది.

ముగ్గురం దుర్భిణుల్లో జింకనే చూస్తున్నాం. నాన్న వేలిని చూసినవాళ్ళు ఎవరూ లేరు.

రైఫిల్ పేలింది. జింక ముందుకాలు కింద మంచు ఎర్రగా చిమ్మింది. కూలబడి, లేచింది. విరిగిన కాలు గుడ్డపేలికలా ఊగుతుండగా మూడు కాళ్ళ మీద గట్టెక్కి అటు దిగిపోయింది. ఇంకో గుండుకి సందు ఇవ్వలేదు.

క్లైడ్ దుర్భిణి దించలేదు. మా నాన్న తల తిప్పి అతని మొహం కేసే చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు.

"నేనే," అన్నాడు. "ట్రిగ్గరు మీద వేలు లాగేసింది."

"హాల్వర్..."

"వేలు లాగేసిందన్నాను. వెళ్ళండి, దాన్ని వెతకండి."

క్లైడ్, వాల్ట్ లోయలోకి దిగారు. నాన్న కూడా బయల్దేరాడు. ఇరవై అడుగులు వెయ్యకుండానే మోకాళ్ళ మీద కూలి, నోరు తెరుచుకుని గాలి కోసం వెతుక్కున్నాడు. నేను సీసా పట్టుకుని పక్కన కూచున్నాను. మధ్యాహ్నం గాలి లేచి మంచుపొడి ఊడ్చుకుంటూ పోయింది. రక్తపు మరకలు మాసిపోయాయి. మర్నాడు కూడా వెతికారు, ఆ మర్నాడు కూడా. జింక దొరకలేదు. ఒక లోయకి పైన కాకులు తిరుగుతున్నాయన్నారు. అక్కడికి పోయే దారి లేదు.

మూడో రోజు సాయంత్రం నాన్న జేబుకత్తి తీసి ట్యాగు మీద నెల, తేదీ కోశాడు. జింకని కొట్టి ఇంటికి తెచ్చుకున్నవాడు చేసే పని అది. పోగొట్టుకున్నవాడు చెయ్యాలని చట్టంలో లేదు. మా వైపు మగవాళ్ళు చేస్తారు, అంతే. చంపావు, నీ వంతు అయిపోయింది.

"సీజను ఇంకా ఉంది కదా," అన్నాడు క్లైడ్.

"నాకు లేదు," అన్నాడు నాన్న, కోసిన ముక్కల్ని అరచేతిలోకి ఊడ్చుకుంటూ.

*

థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి వాల్ట్‌ని పిలిచాం. టర్కీ కోశాం, బంగాళాదుంప రొట్టెలు కాల్చాను. వాల్ట్ నోట్లో ముద్ద ఉండగానే మాట్లాడతాడు.

"అది కాదు హాల్వర్, నిలబడి ఉన్న జింక మీదే నీ వేలు అలా లాగేస్తే, మంచుదారిలో ఆ బండి ఎలా నడుపుతున్నావయ్యా? నా ఆవులు రోడ్డు దాటుతుంటాయి."

నవ్వించడానికే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. క్లైడ్ మాత్రం మెల్లగా, "వాల్ట్ అన్నదాంట్లో కొంత..." అని ఆగిపోయాడు.

నాన్న అతనికేసి చూశాడు. మంచులో చూసినట్టే. తర్వాత ప్యాంటు జేబులోంచి తన పికప్పు తాళాలు తీసి, గ్రేవీ గిన్నె పక్కన పెట్టాడు.

"నిజమే. ట్రిగ్గరు పట్టలేనివాడు స్టీరింగేం పడతాడు. రొట్టెలు ఇటు జరుపు, అమ్మాయ్."

రొట్టెలు జరిపాను. తాళాలు క్లైడ్ గోడ మేకుకి తగిలించాడు.

రోజూ పొద్దున్నే నాన్న ఆ బండిలో గోదాము ఆఫీసుకి పోయి, పాత స్నేహితులతో కాఫీ తాగుతూ ప్రభుత్వాన్నీ వాననీ తిట్టి వచ్చేవాడు. అది ఆగిపోయింది. ఆ వేళకి నేను బస్సులో, క్లైడ్ షెడ్డులో. "తీసుకెళ్ళమంటావా?" అని ఆదివారం అడిగితే, "చలి, వద్దులే," అనేవాడు. కిటికీ దగ్గర కూచుని పేకముక్కలు పేర్చుకునేవాడు.

క్లైడ్ ఆయన్ని ప్రేమగా చూసుకున్నాడు. అది చెప్పకపోతే తప్పు. ఆయన పళ్ళెంలో మాంసం ముక్కలు కోసిపెట్టేవాడు. సీసాల మూతలు తీసిచ్చేవాడు. చెవులు శుభ్రంగా వినపడే మనిషితో గట్టిగా, నిదానంగా మాట్లాడడం మొదలుపెట్టాడు. నాన్న అన్నీ పడ్డాడు. ఫ్రిజ్ మీద కాగితం అలాగే ఉంది. పాలకి లేచినప్పుడల్లా ఆయన దాని ముందు ఒక్కక్షణం ఆగేవాడు.

*

జనవరిలో ఒక ఆదివారం క్లైడ్ మిగిలిన తూటాలు కాల్చేసి వస్తానని వెళ్ళాడు. ముందురోజు సాయంత్రమే పెట్టెని తన పికప్పు వెనక తొట్టిలో, పనిముట్లతోపాటు పడేశాడు.

పదింటికల్లా బండి వెనక్కొచ్చింది. ఇంజను ఆగింది. మనిషి దిగలేదు. నేను కోటు వేసుకుని వెళ్ళి పక్క సీట్లో కూచున్నాను.

"మొదటిది పలకకి తగల్లేదు," అన్నాడు, ముందుకే చూస్తూ. "గాలి అనుకున్నా. రెండోదీ తగల్లేదు. పలక కింద మంచులో చూశాను, సోల్వే. కన్నాలన్నీ ఒకచోటే. కాఫీ గిన్నెలో పట్టేంత దగ్గరగా. అంత దూరంలో అది పెళ్ళికూతురు లాంటి గురి. కాకపోతే జానెడు కింద."

నేను నా వైపు తలుపు లాగి మూశాను.

"రాత్రంతా వెనక తొట్లో గడ్డకట్టి ఉన్నాయి. ఆ రోజు ఆయన రైఫిల్లో ఉన్నట్టు." నావైపు తిరిగాడు. "మరి అక్టోబరులో ఎక్కడ పెట్టాను?"

ఇద్దరం అద్దం కింద, హీటరు గాలి వచ్చే చోటుకేసి చూశాం.

లోపలికి వెళ్ళేసరికి నాన్న పేకముక్కలు పరుచుకుని ఉన్నాడు. క్లైడ్ బూట్లు విప్పకుండానే ఎదురుగా కూచున్నాడు. ఈసారి మామూలు గొంతుతోనే మాట్లాడాడు.

"హాల్వర్. మీ వేలు లాగలేదు."

నాన్న ఒక ముక్క తిప్పి, చోటు చూసి పెట్టాడు. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పేలినప్పట్నుంచి. అరవై ఏళ్ళుగా నా దగ్గర పనిచేస్తున్న వేలు. అది ఏం చేసిందో నాకు తెలీదా?"

"మరి అలా ఎందుకన్నారు?"

"దుర్భిణి కింద నీ మొహం చూశాను. ఎవరో ఒకరు మోయాలి కదా అబ్బాయ్. నాకింక ఏ సీజన్లున్నాయి? నీకు బోలెడున్నాయి. తూటాది తప్పంటే నువ్వు మళ్ళీ ఆ త్రాసు ముట్టుకోవు."

"మీరు బండి ఇచ్చేశారు. కాఫీ మానేశారు. నేను మీ పళ్ళెంలో మాంసం కోశాను."

"కోశావు. ముక్కలు కాస్త పెద్దవి."

క్లైడ్ లేచి, మేకు మీంచి తాళాలు తీసుకొచ్చి ముక్కల మధ్యన పెట్టాడు. నాన్న వాటిని చూశాడు. తీసుకోవడానికి చెయ్యి చాపాడనుకున్నాను. చాపింది చూపించడానికి. చేతిలో ఇంకా ఒక పేకముక్క ఉంది. దాని అంచు బల్లకి తగిలి టకటకమంటోంది, ఆపుదామన్నా ఆగకుండా. రెండు నెలలుగా పేకముక్క తప్ప ఏమీ పట్టుకోని చెయ్యి.

"ఆ మాట నవంబరులో అబద్ధం," అన్నాడు. "ఇప్పుడు కాదు."

తాళాల్ని వేళ్ళ వెనకవైపుతో అటు నెట్టాడు.

క్లైడ్ ఫ్రిజ్ దగ్గరికి పోయి, అయస్కాంతం లాగి, కాగితాన్ని నలపబోయాడు.

"దాన్ని ఉండనీ," అన్నాడు నాన్న. "జులైకి అది నిజమే."

మా ఆయన కాగితాన్ని మళ్ళీ అదే చోట, వంకర లేకుండా పెట్టాడు. వీపు మావైపే ఉంది.

"సరే, సర్," అన్నాడు.

ఆ పిలుపు విని నాన్న కళ్ళు మూసుకున్నాడు.